కట్లెట్టుకు అసలు ఊరు ఏది?

మన పత్రికలో నాటకాలను గూర్చి, భజన బృందాలను గూర్చి, అప్పుడప్పుడు పుస్తకాలను గూర్చి విమర్శలు వస్తూ ఉంటాయి. ఒక భోజనశాలను గూర్చి విమర్శ వ్రాస్తానంటే సంపాదకులు మొదట నవ్వారు. అది జర్మనీలో ఉన్నదనీ, అక్కడ వడ్డించేది జపాను వంటకమనీ, అదీ పంది మాంసంతో చేసినదనీ చెప్పగానే నవ్వు ఆపి, “మాస్టారూ, దీనికీ మన తెలుగువారికీ సంబంధమేమిటి?” అని అడిగారు. ఆ సంబంధం చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక మనవి. మన మారిషస్ తెలుగు కుటుంబాల్లో పంది మాంసం తినేవారూ ఉన్నారు, తిననివారూ ఉన్నారు. మా ఇంట్లో వండరు. నేను మాత్రం అక్కడ తిన్నాను. తినకుండా విమర్శ వ్రాయడం, తిని దాచిపెట్టడం రెండూ తప్పే గనుక మొదటనే చెబుతున్నాను. ఎవరి ఆచారాన్నీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

మా తమ్ముని కూతురు చదువు కోసం జర్మనీలో ఉంటున్నది. ఆమెను చూడడానికి వెళ్ళినప్పుడు ఒక శనివారం డ్యూసెల్‌డార్ఫ్ నగరానికి తీసుకువెళ్ళింది. రైన్ నది ఒడ్డున ఉన్న ఈ నగరంలో ప్రధాన రైల్వే స్టేషను బయటకు వచ్చి కొద్ది నిమిషాలు నడిస్తే ఇమ్మర్‌మాన్ అనే వీధి వస్తుంది. ఆ వీధిలో ఎటు చూసినా జపాను దుకాణాలే: బియ్యం, టీ, పుస్తకాలు, రొట్టెలు, నూడుల్సు. వీధి పేరును జర్మను అక్షరాలతో పాటు జపాను లిపిలో కూడా వ్రాసిన పలకను 2021లో నగరపాలకులే పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1950ల నుంచి, రూర్ ప్రాంతపు ఉక్కు, యంత్రాల వ్యాపారం కోసం జపాను కంపెనీలు ఇక్కడ కార్యాలయాలు తెరిచాయి. 1971లో వారి పిల్లల కోసం జపాను పాఠశాల వచ్చింది. 1978లో ఈ వీధిలోనే హోటలు, కార్యాలయాలు కలిసిన పెద్ద జపాను కేంద్రం లేచింది. నదికి అవతల వారికి ఒక బౌద్ధ దేవాలయం కూడా ఉన్నది. నేడు నగరంలోనూ చుట్టుపక్కలా కొన్ని వేలమంది జపానువారు నివసిస్తున్నారు.

మేము వెళ్ళిన భోజనశాల ఈ పేటలోనిదే. దాని పేరు వ్రాయను. ఒక్క పూట తిని ఒక దుకాణం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. పైగా ఈ వ్యాసం ప్రకటనా కాదు, ఫిర్యాదూ కాదు. అక్కడ ముందుగా బల్ల కేటాయించరు. ఎవరైనా సరే వరుసలో నిలబడవలసిందే. మేము నలభై నిమిషాలు నిలబడ్డాము. మా ముందు జపాను కుటుంబం ఒకటి, వారి ముందు జర్మను విద్యార్థులు, మా వెనుక తెలుగు మాట్లాడుకుంటున్న ఇద్దరు యువకులు. జర్మనీలో చదువుకోవడానికి ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన వారు ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్నారు. పరాయి దేశపు వీధిలో తెలుగు చెవిన పడితే ఊరుకోగలమా? వెనుకకు తిరిగి, “బాబూ, మీరు ఏ ఊరివారు?” అని అడిగాను.

ఒకరిది విజయవాడ, ఇంకొకరిది వరంగల్లు. ఎంతో మర్యాదగా మాట్లాడారు. కొంతసేపటికి వరంగల్లు అబ్బాయి, “అంకుల్, మీ తెలుగు రేడియో వార్తల్లా ఉందండీ. మీది ఏ ఊరు?” అన్నాడు. మారిషస్ అని చెప్పాను. “అది సరేనండీ, అసలు ఊరు?” అన్నాడు. అసలు ఊరు కూడా మారిషస్సే అన్నాను. నా ముత్తాత పేరు పక్కన ఓడ కాగితంలో ఏదో ఊరి పేరు ఉన్నది గాని, దానిని తెల్ల గుమాస్తా ఎలా విన్నాడో అలా వ్రాసుకున్నాడు. ఇప్పటివరకు ఆ ఊరు ఏదో మేము కనుక్కోలేకపోయాము. ఆ అబ్బాయి తప్పుగా ఏమీ అడగలేదు. అయినా ఆ “అసలు” అన్న మాట నా వెంట లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నది.

ఇక వంటకం సంగతి. దాని పేరు టొంకాట్సు. “టొన్” అంటే పంది. “కాట్సు” అన్నది ఏ ప్రాచీన జపాను పదమో అనుకుంటాము. కాదు. ఇంగ్లీషు “కట్లెట్”ను జపానువారు “కాట్సురెట్సు” అని పలికి, తరువాత తోక తెంచి “కాట్సు” చేసుకున్నారు. ఇంగ్లీషువారికి ఆ మాట ఫ్రెంచి “కోత్‌లెత్” నుంచి వచ్చింది. ఆ ఇంగ్లీషు మాటే భారతదేశంలో రైలు ఫలహారమై “కట్లెట్” అయింది. మన ద్వీపంలో బంగాళాదుంపతో, కైమాతో చేసి వేయించి అమ్మే “కాట్లెస్” కూడా దాని తోబుట్టువే. పోర్ట్ లూయీలో గాతో పిమాల పక్కన పెట్టి అమ్మే ఆ ముద్దకూ, డ్యూసెల్‌డార్ఫులో నా ముందు పెట్టిన పళ్ళేనికీ ఇంటి పేరు ఒకటే.

దీని చరిత్ర కూడా తెలుసుకోదగినది. జపానులో 675లో ఒక చక్రవర్తి కొన్ని జంతువుల మాంసం తినరాదని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తరువాత శతాబ్దాల తరబడి మాంసం పట్ల అక్కడ సంకోచం ఉండేది. 1872లో మెయిజీ చక్రవర్తి గోమాంసం తిన్నాడన్న వార్త బహిరంగమైనప్పుడు అది దేశంలో పెద్ద సంచలనం. టోక్యోలోని గింజా పేటలో 1895లో తెరిచిన రెంగతెయి అనే పాశ్చాత్య భోజనశాల 1899లో పంది కట్లెట్టును పెట్టింది. పాశ్చాత్యుల పద్ధతిలో వెన్నతో పెనం మీద వేయించడం మాని, టెంపురా వలె నిండు నూనెలో వేయించారు. ఆ టెంపురా కూడా 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా వచ్చినదే. పక్కన పచ్చి క్యాబేజీని సన్నగా తరిగి పెట్టారు. 1930ల నాటికి మాంసం ముక్క మందమై, చాప్‌స్టిక్కులతో తినడానికి వీలుగా ముందే కోసి పెట్టడం అలవాటై, అన్నం, మిసో పులుసు తోడై, టొంకాట్సు అనే పేరు స్థిరపడింది. నేడు జపానులో విద్యార్థులు పరీక్షల ముందు దీనిని తింటారు. “కాట్సు” అన్న శబ్దానికి వారి భాషలో “గెలుచుట” అనే అర్థం కూడా ఉన్నది గనుక. ఫ్రాన్సు నుంచి బయలుదేరిన మాటకు జపానులో శకునబలం కూడా వచ్చిందన్నమాట!

పళ్ళెం వచ్చింది. రోసు, హిరె అని రెండు రకాలు. రోసు వీపు భాగం. అంచున కొవ్వు పట్టీ ఉంటుంది. హిరె కొవ్వు లేని మెత్తని భాగం. నేను రోసు తెప్పించుకున్నాను. మాంసానికి ఉప్పు, మిరియాలు పట్టించి, పిండి అద్ది, గుడ్డు సొనలో ముంచి, పాంకో అనే రొట్టె పొడిలో దొర్లిస్తారు. ఈ పాంకో మన బిస్కట్టు పొడిలాగా మెత్తగా ఉండదు. చిన్న చిన్న రేకులుగా ఉంటుంది. అందువల్ల వేగిన తరువాత పైభాగం ముళ్ళు ముళ్ళుగా లేచి నిలుస్తుంది. నూనె పట్టి బరువెక్కదు. కొవ్వుకూ మాంసానికీ మధ్య ఉన్న నరానికి ముందే కత్తితో గాట్లు పెడతారు, లేకపోతే వేడికి ముక్క ముడుచుకుపోతుంది. నా పళ్ళెంలోని ముక్క చదునుగా, నిటారుగా ఉన్నది. కొరికితే పైన కరకర, లోపల రసం. అడుగున తడి తగిలి పొర మెత్తబడకుండా చిన్న జల్లెడ మీద పెట్టారు. ఇలాంటి చిన్న విషయాల్లోనే వంటవాని చెయ్యి తెలుస్తుంది.

క్యాబేజీని గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. దారం వలె తరిగి, చన్నీళ్ళలో తేర్చి, గుట్టగా పోశారు. ఉప్పు లేదు, తాలింపు లేదు. మనమైతే క్యాబేజీ, క్యారెట్టు, ఆవపిండి, పసుపు చేర్చి అచార్ చేసుకుంటాము. ఇక్కడ ఆవ వేరుగా, పళ్ళెం అంచున పసుపు ముద్దగా ఉన్నది. దాని పేరు కరాషి. ముక్కుపుటాలు అదిరేంత ఘాటు. కొవ్వు ముక్క ఒకటి, ఆవ రవ్వంత, క్యాబేజీ గుప్పెడు, ఆ వరుసలో తింటే ఈ మూడూ ఎందుకు కలిశాయో నాలుకకు తెలుస్తుంది. మన అచార్ అన్నిటినీ ముందే కలిపేస్తుంది. వీరు కలపడాన్ని తినేవానికి వదిలేస్తారు.

లోపాలు లేకపోలేదు. పులుసు వేడి చాలలేదు. బల్ల మీది చిక్కని నల్లని సాసు అతి తీపి. రెండవ ముక్కకే మాంసం రుచిని మింగివేసింది. అన్నం బాగున్నది గాని, జపానులో ఇలాంటి అనేక భోజనశాలల్లో అన్నం, క్యాబేజీ అడిగినంత మారు వడ్డిస్తారట. ఇక్కడ మారు అన్నానికి వేరుగా డబ్బు. పంక్తి భోజనంలో “ఇంకొంచెం” అనే మాట విని పెరిగినవారికి ఇది కొంచెం గుచ్చుకుంటుంది. సుమారు 18 యూరోలు ఇచ్చిన పళ్ళేనికి ఆ పాటి ఔదార్యం ఉండవచ్చు. పైగా, బయట వరుస ఉన్నది గనుక, చివరి ముద్ద నోట్లో ఉండగానే బిల్లు బల్ల మీదికి వచ్చింది.

మా అమ్మాయి కాట్సుకరే తెప్పించుకున్నది. అంటే కోడిమాంసపు కట్లెట్టు, అన్నం, వాటి మీద కరీ. ఈ “కరీ”ని జపానువారు మన దేశం నుంచి నేరుగా తెచ్చుకోలేదు. దక్షిణ భారతపు “కరి” ఇంగ్లీషువారి నోట పడి, వారి పొడి డబ్బాతో జపానుకు వెళ్ళింది. 1872లో అచ్చయిన అక్కడి వంట పుస్తకాల్లోనే అది కనిపిస్తుంది. జర్మనీకి కూడా ఆ డబ్బాయే వచ్చింది. 1949లో బెర్లినులో హెర్టా హాయ్‌వర్ అనే ఆమె సాసేజి ముక్కల మీద టమాటా సాసూ, కరీ పొడీ వేసి అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడది జర్మనుల జాతీయ ఫలహారం వంటిది.

నేను ఒక చెంచా రుచి చూశాను. గోధుమ రంగు, పిండితో చిక్కబరిచిన తీపి రసం. కరివేపాకు లేదు, పోపు లేదు. “ఇది అసలు కారి కాదే!” అన్నాను.

అమ్మాయి నవ్వి మన క్రియోల్లోనే, “పెదనాన్నా, బయట ఆ అబ్బాయి నిన్ను అడిగింది కూడా ఇదే కదా” అన్నది.

నా చేతిలోని చెంచా ఆగిపోయింది. నిజమే. నన్ను ఎవరో “అసలు” అని అడిగితే నొచ్చుకున్నవాడిని, పది నిమిషాలు తిరగకముందే ఒక గిన్నెను అదే మాట అడిగాను.

అయితే, “అసలు” అన్న ప్రశ్నను వదిలేస్తే విమర్శకునికి ఇక పని లేదా? ఏ వంటైనా, ఏ భాషైనా, ఎవరి ఇష్టం వచ్చినట్లు చేసినా బాగున్నదనాలా? అక్కడే కూర్చొని చాలాసేపు ఆలోచించాను. నాకు దొరికిన జవాబు ఆ భోజనశాలలోనే ఉన్నది.

మా పక్క బల్ల దగ్గర ఒక జపాను పెద్దమనిషి ఒంటరిగా కూర్చున్నాడు. పళ్ళెం రాగానే చేతులు జోడించి ఏదో ఒక మాట అన్నాడు. మనవారు “అన్నదాతా సుఖీభవ” అన్నట్లు అది వారి ఆచారం. తరువాత ముక్కను వేలెడు దూరం నుంచి పరీక్షగా చూశాడు. కొరికాడు. వడ్డించే అమ్మాయిని పిలిచి, మెల్లగా ఏదో చెప్పాడు. ఆమె వంగి నమస్కరించి లోపలికి వెళ్ళింది. లోపలి నుంచి వంటవాడు తొంగి చూసి, తలవంచాడు. ఏమి అన్నాడో నాకు భాష తెలియదు. కాని మెచ్చుకోలు కాదని ముఖాలు చూస్తే తెలిసింది.

డ్యూసెల్‌డార్ఫు కట్లెట్టును నిలబెడుతున్నది ఆ పెద్దమనిషి అని నాకు తోచింది. జపాను కంపెనీ ఉద్యోగులు చాలామంది ఇక్కడ కొన్నేళ్ళు ఉండి తిరిగి వెళ్తారు. వారి చోట కొత్తవారు వస్తారు. నిన్న మొన్న టోక్యోలో తిన్న నాలుక ఎప్పుడూ ఒకటి ఈ బల్ల దగ్గర ఉంటుంది. బాగా లేకపోతే చెబుతుంది. పక్క వీధిలోనే జర్మనుల ష్నిట్సెల్ దొరుకుతుంది. ఆ మాట కొస్తే వారిదీ అదే పట్టింపు: “వీనర్ ష్నిట్సెల్” అన్న పేరుతో దూడ మాంసమే పెట్టాలి, పంది మాంసంతో చేస్తే పేరు మార్చి వ్రాయాలని జర్మనీలో నియమం ఉన్నది. కట్లెట్టు ఎక్కడ పుట్టిందని వీరెవరూ తగవు పడడం లేదు. తమ పళ్ళెంలో అది ఎలా ఉండాలన్న దానిని మాత్రం వదలరు.

మన సంగతి చూడండి. 1834 తరువాత మన పెద్దలను అయిదేళ్ళ ఒప్పందం మీద చెరకు తోటలకు తెచ్చారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరే మనకు ఇక్కడ జాతి పేరయింది. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె కొలిచి ఇచ్చారు. కంపెనీ ఉద్యోగి వలె ఏటేటా వచ్చి “ఇది ఇలా కాదు” అని చెప్పే కొత్త నాలుక మనకు రాలేదు. ఉన్నవారు గుర్తున్నంత వండారు, గుర్తున్నంత పాడారు. దొరికిన మిరపకాయ, దొరికిన ఆకు వేశారు. అందులో సిగ్గుపడవలసినది ఏదీ లేదు. రెంగతెయి వంటవాడు చేసినదీ అదే.

సిగ్గుపడవలసినది వేరే ఉన్నది. అందులో నాకూ భాగం ఉన్నది. నేను తెలుగును తల్లి ఒడిలో నేర్చుకోలేదు. సంఘపు తరగతుల్లో, గుడి వెనుక గదిలో, బెంచీల మీద నేర్చుకున్నాను. ఇప్పుడు అదే గదిలో నేర్పుతున్నాను. ఉగాదికి పిల్లలు పద్యం అప్పజెబుతారు. ళ పలకవలసిన చోట ల పలుకుతారు, ఒత్తులు మింగుతారు, అర్థం తెలియకుండా పరుగెత్తిస్తారు. మేము చప్పట్లు కొట్టి, “పాపం, ఈ మాత్రమైనా వచ్చింది కదా” అని బహుమతి ఇస్తాము. ఆ “పాపం” అన్న మాట మన భాషకు చేసే మేలు ఏమీ లేదు. భారతదేశం నుంచి వచ్చిన అతిథులు కూడా వేదిక మీద అదే జాలితో మెచ్చుకొని వెళ్తారు. మనం సంతోషిస్తాము. జాలితో మెచ్చిన పళ్ళెం మరుసటి రోజు ఇంకొంచెం చల్లగా వస్తుంది.

మరొక వైపు తప్పు కూడా చేస్తున్నాము. పిల్లవాడు తెలుగు వాక్యంలో ఒక క్రియోల్ మాట కలిపితే, అది “అసలు తెలుగు కాదు” అని గద్దిస్తాము. “కాట్సు” అన్న మాటను జపానువారు మనస్ఫూర్తిగా తమది చేసుకున్నట్లు, ఆ మాటను మన వ్యాకరణంలో కూర్చోబెట్టి, మన విభక్తి తగిలించి వాడుకుంటే తప్పేమి? వచ్చిన మాట ఎక్కడిదని కాదు, దానిని వాక్యంలో సరిగా వాడాడా లేదా అని చూడాలి. గురువు పట్టింపు అక్కడ ఉండాలి.

అందుచేత అమ్మాయి గిన్నెలోని కరీని రెండవసారి రుచి చూశాను. ఈసారి మా అమ్మ చేసే కారితో పోల్చలేదు. అది ఏమి కావాలనుకున్నదో, అది అయిందా లేదా అని చూశాను. ఆ ప్రకారం కూడా అది మంచి కరీ కాదు: పిండి సరిగా వేగక పచ్చి వాసన మిగిలింది, ఉల్లిపాయ తీపి కన్నా చక్కెర తీపి ఎక్కువ. మొదటిసారి నేను చెప్పినది పక్షపాతం. రెండవసారి చెప్పినది విమర్శ. రెండింటికీ తేడా ఇన్నేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో నాకు ఇంత స్పష్టంగా ఎన్నడూ తెలియలేదు.

మొత్తం మీద నా తీర్పు ఇది. డ్యూసెల్‌డార్ఫు వెళ్ళేవారు, పంది మాంసం తినేవారైతే, ఇమ్మర్‌మాన్ పేటలో రోసు రకం తినవచ్చు. సాసు తక్కువ, ఆవ ఎక్కువ. తిననివారికి కోడి, రొయ్య, బంగాళాదుంప రకాలు ఉన్నాయి. అయితే అన్నిటినీ వేయించే నూనె ఒకటే కావచ్చు గనుక ముందుగా అడగడం మంచిది. కరీ జోలికి పోవద్దు.

బయటకు వచ్చేసరికి ఆ ఇద్దరు యువకులు ఇంకా వరుస చివరి మెట్టు మీద ఉన్నారు. వరంగల్లు అబ్బాయి, “ఎలా ఉందండీ అంకుల్?” అని అడిగాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆ తరువాత, “బాబూ, నా తెలుగు రేడియో వార్తల్లా ఉందన్నావు. ఎక్కడ అలా ఉన్నదో చెప్పగలవా?” అని అడిగాను. అతను మొహమాటపడ్డాడు. నేను వదలలేదు. చివరికి, “మీరు ‘ఉన్నది’ అంటారండీ, మేము ‘ఉంది’ అంటాం. మీరు ప్రతి మాటా చివరిదాకా పలుకుతారు” అన్నాడు. సంతోషంతో అతని చేయి పట్టుకున్నాను. నా తెలుగులో ఒకరు తప్పు వెతికి చెప్పడం, తరగతి విడిచిన తరువాత అదే మొదటిసారి.

“ఉన్నది”ని మాత్రం మార్చుకోను. మాకు నేర్పిన గురువుగారు అలాగే పలికేవారు. ఈ ఉగాదికి పిల్లలు పద్యం అప్పజెప్పేటప్పుడు మాత్రం చప్పట్లకు ముందు నేను లేచి, ళ ఎక్కడ జారిందో చెబుతాను. తల్లిదండ్రులు కోపగించుకోవద్దని ఈ పత్రిక ద్వారా ముందుగానే మనవి చేసుకుంటున్నాను.